వాషింగ్టన్ డి.సి. స్వపరిపాలన చట్టం

వాషింగ్టన్ డి.సి. స్వపరిపాలన చట్టం అమెరికా సంయుక్త రాష్ట్రాల రాజధాని నగరవాసులకు తమ మేయరును, 13 మంది సభ్యుల నగర మండలిని ఎన్నుకొనే హక్కు కల్పించిన శాసనం. 1973 డిసెంబరు 24న అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ దీనిపై సంతకం చేశాడు. అంతకు ముందు, 1874 నుండి దాదాపు శతాబ్దం పాటు నగరాన్ని అధ్యక్షుడు నియమించినవారే పాలించారు.

ఇది రాజ్యాంగమిచ్చిన హక్కు కాదు. రాజధానిపై సర్వాధికారాన్ని రాజ్యాంగం కాంగ్రెసుకే అప్పగించింది. కాంగ్రెసు తన చట్టం ద్వారా ఇచ్చినదాన్ని తానే వెనుకకు తీసుకొనవచ్చు. మండలి చేసే శాసనాలను కూడా కాంగ్రెసు తిరస్కరించవచ్చు. 2023లో నగర శిక్షాస్మృతి సవరణ అలాగే రద్దయింది. 2020 జనాభా లెక్కల ప్రకారం 6,89,545 మంది నివసించే ఈ నగరానికి సెనేటులో స్థానం లేదు.

740వ సెక్షను

మన ఢిల్లీ పోలీసులు కేంద్ర హోం శాఖ క్రింద ఉంటారు. వాషింగ్టన్‌లో పోలీసు శాఖ మేయరు అధీనంలోనిది. అయితే అత్యవసర పరిస్థితి ఏర్పడిందని భావిస్తే, ఫెడరల్ అవసరాలకు పోలీసు సేవలు సమకూర్చవలసినదిగా అధ్యక్షుడు మేయరును ఆదేశించవచ్చు. గడువు 48 గంటలు. కాంగ్రెసు సంఘాలకు తెలియజేసినచో 30 రోజులు. ఆపైన ఉభయసభల ఆమోదం తప్పనిసరి.

2025 ఆగస్టు 11న డొనాల్డ్ ట్రంప్ ఈ అధికారాన్ని తొలిసారి ప్రయోగించాడు. నేరాలు పెచ్చుమీరాయన్నది ఆయన చూపిన కారణం. 2024లో హింసాత్మక నేరాలు 30 సంవత్సరాల కనిష్ఠానికి దిగినట్లు ఫెడరల్ ప్రాసిక్యూటరు కార్యాలయమే అంతకు ముందు ప్రకటించి ఉన్నది. ఆగస్టు 14న అటార్నీ జనరల్ పామ్ బాండీ, మాదకద్రవ్య నిరోధక సంస్థ అధిపతి టెర్రీ కోల్‌ను అత్యవసర పోలీసు కమిషనరుగా నియమించగా, నగర ప్రభుత్వం మరునాడే న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. చట్టం సేవలు కోరే అధికారమిచ్చిందే గాని శాఖాధిపత్యం ఇవ్వలేదన్నది దాని వాదన. ఆ ఉత్తర్వును అదే రోజు సవరించారు. సెప్టెంబరు 10న గడువు ముగిసింది, కాంగ్రెసు పొడిగించలేదు. నేషనల్ గార్డు సైనికులు మాత్రం ఆ తరువాత కూడా వీధులలో కొనసాగారు. రాష్ట్రాలలో ఈ దళానికి గవర్నరు అధిపతి, రాజధానిలో అధ్యక్షుడే.