నాపరాయి ఉపరితల పరీక్షలు

నాపరాయి ఉపరితల పరీక్షలు అనగా నేలకు, మెట్లకు, వంటగట్టుకు వాడే నాపరాయి ఎంత జారుతుంది, ఎంత అరుగుతుంది, గీతలను ఎంతవరకు తట్టుకుంటుంది, సిమెంటుకు ఎంత గట్టిగా అంటుకుంటుంది అని తెలుసుకొనే పద్ధతులు. నాపరాయి పలకలుగా చీలే ఒక రకం సున్నపురాయి. ఆంధ్ర ప్రదేశ్‌లోని నంద్యాల జిల్లాలో బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతాలలో దీని గనులు ఉన్నాయి.

రాయి స్వభావం

సున్నపురాయిలో ప్రధాన ఖనిజం కాల్సైట్. ఇది మెత్తనిది, ఆమ్లంలో కరుగుతుంది. కొలిమిగుండ్ల మండలంలోని బెలుం గుహలు ఇందుకు నిదర్శనం. గాలిలోని, నేలలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న నీరు సున్నపురాయిని కరిగించగా 3,229 మీటర్ల పొడవైన ఈ గుహలు ఏర్పడ్డాయి. వంటగట్టుపై చింతపండు పులుసు, నిమ్మరసం పడినచోట నాపరాయి మెరుపు పోవడానికి కారణమూ ఇదే. అది గీత కాదు, రసాయనిక చర్య.

గీత పరీక్ష

జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో రూపొందించిన కాఠిన్య మాపకంపై కాల్సైట్ విలువ 3. గోరు విలువ సుమారు 2.5, ఉక్కు కత్తి విలువ సుమారు 5.5. అందువలన కాల్సైట్‌పై గోరుతో గీత పడదు, కత్తితో పడుతుంది. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ విలువ 7. చెప్పులకు అంటిన ఇసుక నాపరాయి నేలను గీరడానికి ఇదే కారణం. గీత చెరగదు కనుక ఈ పరీక్షను పలక అడుగు వైపున చేయాలి.

అరుగుదల పరీక్ష

కట్టడపు రాళ్ళ అరుగుదలను కొలిచే విధానాన్ని భారతీయ ప్రమాణం ఐఎస్ 1706 నిర్దేశిస్తుంది. నమూనా ముక్కను తూచి, రాపిడి పొడి చల్లిన తిరిగే చక్రంపై బరువుతో నొక్కి ఉంచుతారు. నిర్ణీత సంఖ్యలో చుట్లు తిరిగాక మళ్ళీ తూచి, తగ్గిన బరువును బట్టి ఎంత మందం అరిగిందో లెక్కిస్తారు. రాయిలో ఇసుక పాళ్ళు, బంకమట్టి పాళ్ళు పొర పొరకూ మారవచ్చు కనుక ఒకే నమూనాతో నిర్ణయానికి రావడం సరికాదు.

ఘర్షణ పరీక్ష

రబ్బరు ముక్క అమర్చిన లోలకాన్ని తడి నేలను రాసుకుంటూ ఊగేలా వదులుతారు. ఘర్షణ ఎక్కువైతే లోలకం అవతలి వైపు తక్కువ ఎత్తుకు లేస్తుంది. బ్రిటన్‌లో అనుసరించే వర్గీకరణ ప్రకారం లోలక విలువ 36 లేదా అంతకు మించితే జారే ప్రమాదం తక్కువ, 24 లేదా అంతకు తగ్గితే ఎక్కువ. నునుపు పట్టించిన పలక చూపుకు అందంగా ఉన్నా తడిసినపుడు జారుతుంది. కనుక స్నానాల గదికి, ఆరుబయటి మెట్లకు గరుకు పలకలే తగినవి.

అతుకు పరీక్ష

పరచిన పలకపై లోహపు బిళ్ళను బలమైన జిగురుతో అంటించి, దాని చుట్టూ పలకను కోసి, నిలువుగా లాగుతారు. ఊడివచ్చిన బలాన్ని వైశాల్యంతో భాగిస్తే అతుకు బలం తెలుస్తుంది. పలక అడుగున దుమ్ము ఉంటే ఈ బలం తగ్గుతుంది. అందుకే పరచే ముందు అడుగు భాగాన్ని కడగాలి.