పెద్దపల్లి ఎంపీ పార్లమెంటు రికార్డు: ప్రశ్నలు, ప్రసంగాలు, ఓట్ల చరిత్ర

పార్లమెంటు సభ్యుడు సభలో ఏం అడిగాడు, ఏం మాట్లాడాడు, ఏ బిల్లుపై ఎటు ఓటేశాడు అన్నది ఓటరు తెలుసుకోవడానికి ఉన్న ఆధారాలను కలిపి సభ్యుడి పార్లమెంటు రికార్డు అంటారు. మంచిర్యాల జిల్లాలో సింగరేణి కంపెనీ శ్రీరాంపూర్ బొగ్గు గనులను ఆనుకుని ఉన్న నస్పూర్ ఓటర్లకు ఆ సభ్యుడు పెద్దపల్లి ఎంపీ. ఎస్సీలకు రిజర్వైన ఈ స్థానంలో 2009 నుంచి చెన్నూరు, బెల్లంపల్లి, మంచిర్యాల, ధర్మపురి, రామగుండం, మంథని, పెద్దపల్లి అసెంబ్లీ నియోజకవర్గాలున్నాయి. రికార్డులో మూడు భాగాలున్నా మూడూ ఒకే తీరుగా భద్రం కాలేదు. రాతపూర్వక ప్రశ్న దాదాపు చెక్కుచెదరకుండా దొరుకుతుంది, ప్రసంగం చాలావరకు దొరుకుతుంది. ఓటరు అన్నిటికన్నా ముందు అడిగే ఓటు సంగతి మాత్రం చాలాసార్లు దొరకదు.

ప్రశ్న పుట్టుక

బ్రిటిష్ ఇండియాలో శాసన మండలి సభ్యులు ప్రభుత్వాన్ని ప్రశ్నించే హక్కు 1892 నాటి ఇండియన్ కౌన్సిల్స్ చట్టంతో వచ్చింది. 1893 ఫిబ్రవరి 16న భింగా రాజు తొలి ప్రశ్న వేశారు. పర్యటనలకు వచ్చే అధికార్లకు సరుకులు సమకూర్చలేక పల్లెల్లోని దుకాణదారులు పడే అవస్థ గురించి అది. దొరలకూ అధికార్లకూ వెట్టి చేసిన తెలంగాణ పల్లెలకు ఆ అవస్థ బాగానే తెలుసు, కానీ నిజాం ఏలుబడిలో ఉన్న ఇక్కడివాళ్ల గోడు ఆ మండలిదాకా పోయే దారి లేదు. ప్రశ్న వేసిన సభ్యుడు జవాబు మీద అనుబంధ ప్రశ్న వేసే వీలు 1909లోనూ, ఆ వీలు మిగతా సభ్యులందరికీ 1919 చట్టంతోనూ దక్కాయి.

హైదరాబాద్ రాష్ట్ర ప్రజలు లోక్‌సభకు తమ సభ్యులను తొలిసారి ఎన్నుకున్నది 1952లో. ఆదిలాబాద్ నుంచి సోషలిస్టు పార్టీ అభ్యర్థి సి. మాధవరెడ్డి గెలిచారు. ఇద్దరు సభ్యుల స్థానమైన కరీంనగర్ నుంచి పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున బద్దం ఎల్లారెడ్డి, షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ తరఫున ఎం.ఆర్. కృష్ణ ఎన్నికయ్యారు. ముగ్గురిలో ఒక్కరూ పాలక కాంగ్రెస్ కాదు. అంటే ఈ ప్రాంతం పార్లమెంటులో అడుగుపెట్టిందే ప్రశ్నించే పక్షాన. మాధవరెడ్డి 1984లో తెలుగుదేశం తరఫున మళ్లీ ఆదిలాబాద్ నుంచి గెలిచి, ప్రతిపక్షంలో అతిపెద్ద పక్షంగా నిలిచిన ఆ పార్టీకి లోక్‌సభలో నాయకుడయ్యారు.

పెద్దపల్లి స్థానానికి 1962లో తొలి ఎన్నిక జరిగింది. 1962లోనూ 1967లోనూ ఎం.ఆర్. కృష్ణే గెలిచారు, ఈసారి కాంగ్రెస్ తరఫున. 1971లో తెలంగాణ ప్రజా సమితి అభ్యర్థి వి. తులసీరాం, 1984లో తెలుగుదేశం అభ్యర్థి గొట్టె భూపతి, 1998, 1999లలో అదే పార్టీ అభ్యర్థి డాక్టర్ సుగుణకుమారి గెలిచారు. కాకాగా పేరుపడ్డ జి. వెంకటస్వామి 1989, 1991, 1996, 2004 ఎన్నికల్లో, ఆయన కొడుకు వివేకానంద్ 2009లో, మనవడు వంశీకృష్ణ 2024లో నెగ్గారు. మధ్యలో 2014లో బాల్క సుమన్, 2019లో బోర్లకుంట వెంకటేశ్ నేత తెలంగాణ రాష్ట్ర సమితి తరఫున ఎన్నికయ్యారు.

రాతపూర్వక ప్రశ్న

లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు, 230 నక్షత్ర గుర్తు లేని ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. మొదటి రకానికి మంత్రి సభలో నోటితో జవాబివ్వాలి, దానిపై అనుబంధ ప్రశ్నలుంటాయి. రెండో రకానికి రాతపూర్వక జవాబు చాలు. ప్రశ్నకు పదిహేను రోజుల ముందే నోటీసివ్వాలి. ఎవరి ప్రశ్న ఏ వరుసలో ఉండాలో లాటరీ తేలుస్తుంది. ఒక సభ్యుడి పేర ఒక రోజుకు ఐదింటికి మించి ప్రశ్నలు రావు, వాటిలో నక్షత్రం గుర్తున్నది ఒక్కటే. 20 నక్షత్ర ప్రశ్నల్లో సభలో నోటి జవాబుదాకా వచ్చేవి కొన్నే. మిగిలినవాటి జవాబులు కాగితం మీదే ఉండిపోతాయి. లాటరీలో పేరు రాలేదంటే సభ్యుడు అడగలేదని కాదు.

పెద్దపల్లి స్థానానికి కేంద్రంతో పని ఎక్కువ. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉంది. రామగుండంలో ఎన్టీపీసీ ఉంది. 1999లో మూతపడ్డ ఎరువుల కర్మాగారం స్థానంలో వచ్చిన రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ (ఆర్ఎఫ్‌సీఎల్) కర్మాగారాన్ని 2022 నవంబరు 12న ప్రధాని జాతికి అంకితం చేశారు. ఇవన్నీ ప్రశ్నలకు సరుకే. చిక్కల్లా ఒకటి: రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోని సంగతిని లోక్‌సభలో ప్రశ్నగా ఒప్పుకోరు. సింగరేణి రెండు ప్రభుత్వాల కంపెనీ. బొగ్గు బ్లాకు కేటాయింపు ఢిల్లీ చేతిలో, కంపెనీ రోజువారీ నడక హైదరాబాద్ చేతిలో ఉంటాయి. ప్రశ్న ఆ గీతకు ఎటువైపు పడిందన్న దాన్ని బట్టే జవాబులో పస.

మంత్రి జవాబులో "సమాచారం సేకరిస్తున్నాం" అని కనిపిస్తే అక్కడితో వదిలేయాల్సిన పనిలేదు. అది హామీ కిందికి వస్తుంది, మూడు నెలల్లో తీర్చాలి. తీర్చారో లేదో చూడటానికి ప్రభుత్వ హామీల సంఘం లోక్‌సభలో 1953 నుంచే ఉంది. ప్రశ్నల సంఖ్యను పత్రికలు ఏటా వేస్తాయి, హామీల సంగతి అరుదుగా రాస్తాయి. రెండోదే ఎక్కువ పనికొచ్చే లెక్క అని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ప్రశ్నకూ మచ్చలున్నాయి. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేయడానికి ఒప్పుకుంటూ రహస్య కెమెరాకు చిక్కిన 11 మందిని 2005 డిసెంబరు 23న ఉభయసభలు బహిష్కరించాయి. అందులో తెలుగు సభ్యులు లేరు. 2020 సెప్టెంబరు సమావేశాల్లో కొవిడ్ పేరుతో ప్రశ్నోత్తరాల సమయాన్ని ఎత్తేశారు, రాతపూర్వక జవాబులు మాత్రం సాగాయి. 2023 డిసెంబరులో సస్పెండైన సభ్యుల ప్రశ్నలను జాబితా నుంచే తీసేశారు.

ప్రసంగం

చర్చల్లో మాటలు కాక, జీరో అవర్‌లో లేవనెత్తినవి, 377 నిబంధన కింద చదివినవి కూడా ప్రసంగాల లెక్కలోకే వస్తాయి. రాజ్యాంగం 120వ అధికరణం ప్రకారం సభ హిందీ, ఇంగ్లిష్ భాషల్లో నడుస్తుంది. ఆ రెండింటిలో సరిగా చెప్పలేని సభ్యుడు అనుమతితో మాతృభాషలో మాట్లాడొచ్చు. తెలుగులో మాట్లాడితే, అది తెలుగు ప్రసంగానికి అనువాదమని నక్షత్రం గుర్తు పెట్టి ఇంగ్లిష్‌లో అచ్చేస్తారు. కరీంనగర్ మాటలో ఉన్న కారం ఆ అనువాదంలో ఎంత మిగులుతుందో చదివినవాళ్లకే తెలుసు.

ప్రశ్నోత్తరాల సమయాన్ని దూరదర్శన్ 1994 డిసెంబరు నుంచి చూపించడం మొదలుపెట్టింది. లోక్‌సభ టీవీ 2006లో, రాజ్యసభ టీవీ 2011లో వచ్చి, 2021లో రెండూ కలిసి సంసద్ టీవీ అయ్యాయి. 1952 నుంచి లోక్‌సభ చర్చలు పార్లమెంటు డిజిటల్ లైబ్రరీలో పేరు పెట్టి వెతికితే దొరుకుతాయి.

ఓటు

చాలా బిల్లులు మూజువాణి ఓటుతో నెగ్గుతాయి. "అవును", "కాదు" అన్న కేకల్లో ఏది గట్టిగా వినిపించిందో సభాపతి చెబుతారు, ఎవరు ఏమన్నారో రాసేవాళ్లు ఉండరు. ఫలితాన్ని సవాలు చేసి ఎవరైనా డివిజన్ అడిగితేనే పేర్లు బయటికొస్తాయి. అందుకోసం 1957లో లోక్‌సభలో ఓటు యంత్రం పెట్టారు. ఆకుపచ్చ మీట అనుకూలానికి, ఎరుపు వ్యతిరేకానికి, పసుపు తటస్థానికి. డివిజన్ అనవసరంగా అడిగారని సభాపతి అనుకుంటే సభ్యులను నిలబెట్టి తలలు లెక్కించవచ్చు. అప్పుడు కూడా పేర్లు నమోదు కావు.

తెలంగాణకు ఇది ఉత్త నిబంధన కాదు. 2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిప్పికొట్టింది, మూజువాణి ఓటుతో. ఫిబ్రవరి 13న లోక్‌సభలో బిల్లు పెట్టినప్పుడు విజయవాడ సభ్యుడు లగడపాటి రాజగోపాల్ మిరియాల స్ప్రే చల్లారు. ఫిబ్రవరి 18న తలుపులు మూసి, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయి ఉండగా, అదే బిల్లును లోక్‌సభ ఆమోదించింది, అదీ మూజువాణి ఓటుతో. ప్రసారం ఆగడానికి సాంకేతిక లోపమని అధికార్లు చెప్పారు. 20న రాజ్యసభలోనూ అదే పద్ధతి. బిల్లును తిరస్కరించిన సభలోనూ ఆమోదించిన సభల్లోనూ ఓట్ల జాబితా లేదు. రాష్ట్రం ఏర్పడిన ఓటులో తన ఎంపీ పేరు చూపించమని నస్పూర్ ఓటరు అడిగితే చూపించడానికి కాగితం లేదు. అంతకుముందు 2012 ఏప్రిల్‌లో తెలంగాణ కోసం సభను అడ్డుకున్న 8 మంది తెలంగాణ కాంగ్రెస్ సభ్యులను నాలుగు రోజులు సస్పెండ్ చేశారు. ఆ నాలుగు రోజులూ హాజరు పట్టికలో లోటే. ఉద్యమ లెక్కలో లోటని ఆ రోజుల్లో ఇక్కడ ఎవరూ అనలేదు.

రాజ్యాంగ సవరణకు ప్రత్యేక మెజారిటీ కావాలి కాబట్టి డివిజన్ తప్పదు. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ బిల్లుకు 454 అనుకూల ఓట్లు, 2 వ్యతిరేక ఓట్లు వచ్చాయి. ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ. కొత్త భవనంలోని లోక్‌సభలో యంత్రంతో తొలి ఓటింగ్ 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశపెట్టేటప్పుడు జరిగింది: అనుకూలం 269, వ్యతిరేకం 198.

బొగ్గు బ్లాకుల గొడవలో ఓటు పాత లెక్కగా తిరిగొచ్చింది. కేంద్రం కోయగూడెం, సత్తుపల్లి, శ్రావణపల్లి, కల్యాణిఖని బ్లాకులను వేలానికి పెట్టినందుకు 2021 డిసెంబరు 9 నుంచి 11 వరకు సింగరేణి కార్మికులు సమ్మె కట్టారు. 2024 జూన్‌లో మంచిర్యాల జిల్లాలోని శ్రావణపల్లి మళ్లీ వేలం జాబితాలో కనిపించింది. 2015లో గనుల చట్ట సవరణకు మద్దతిచ్చింది ఎవరని అప్పుడు పార్టీలు ఒకరినొకరు నిలదీసుకున్నాయి. ఆ సవరణపై 2015 మార్చి 20న రాజ్యసభలో డివిజన్ జరిగింది, 117 అనుకూలం, 69 వ్యతిరేకం. డివిజన్ జరిగిన చోట పేర్ల జాబితా తీసి వాదించుకోవచ్చు. మూజువాణి దగ్గర నోటిమాటే మిగులుతుంది.

పేరు దొరికినా అది సభ్యుడి సొంత మనసని చెప్పలేం. 1985లో 52వ సవరణతో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోవచ్చు. కాబట్టి డివిజన్ జాబితాలో మనం చదివేది ఎక్కువగా పార్టీ నిర్ణయాన్నే.

ఓటు అమ్ముడుపోతే ఏమిటన్న ప్రశ్న కూడా ఈ ప్రాంతం మనిషి పేరుతోనే చట్టంలో నిలిచింది. 1957 నుంచి రెండు దశాబ్దాలు మంథని ఎమ్మెల్యేగా ఉన్న పి.వి. నరసింహారావు ప్రధానిగా ఉండగా 1993 జులై 28న అవిశ్వాస తీర్మానం 251–265 తేడాతో వీగిపోయింది. ప్రభుత్వాన్ని నిలపడానికి జార్ఖండ్ ముక్తి మోర్చా సభ్యులకు డబ్బిచ్చారన్న కేసులో, లంచం తీసుకుని ఓటేసిన సభ్యుడికి 105(2) అధికరణం రక్షణ ఉందని 1998లో సుప్రీంకోర్టు చెప్పింది. వింతేమిటంటే, డబ్బు తీసుకుని ఓటేయకుండా ఉన్నవాడికి ఆ రక్షణ లేదంది. 2000లో కింది కోర్టు పి.వి.ని దోషి అంది, 2002లో హైకోర్టు నిర్దోషిగా వదిలింది. ఆ 1998 తీర్పును ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో కొట్టేసింది.

ఇప్పుడు చూసుకునే తీరు

2005లో మొదలైన పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ ప్రతి సభ్యుడి హాజరు, పాల్గొన్న చర్చలు, ప్రశ్నలు, ప్రైవేటు బిల్లుల లెక్క ప్రచురిస్తోంది. బ్రిటన్‌లో ఎంపీల ఓట్లను కూడా పేరుపేరునా చూపే ఏర్పాటు 2004 నాటికే ఉంది. అక్కడ డివిజన్లు తరచుగా జరగడమే దానికి ఆధారం.

అంకెలను పక్క నియోజకవర్గాలతో పోల్చేటప్పుడు జాగ్రత్త కావాలి. మంత్రి అయిన సభ్యుడు ప్రశ్న వేయడు, జవాబు చెబుతాడు. హాజరు పట్టికలో సంతకం కూడా పెట్టడు. 2024 జూన్‌లో కేంద్ర సహాయ మంత్రి అయిన కరీంనగర్ సభ్యుడు బండి సంజయ్‌ను ప్రశ్నల లెక్కలో పెద్దపల్లి సభ్యుడి పక్కన పెడితే తప్పుడు బొమ్మ వస్తుంది. పి.వి. ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న కాలానికి వెంకటస్వామి విషయమూ అంతే. హాజరు పట్టిక అసలు దినభత్యం కోసం పుట్టినది. సంతకం పెట్టిన మనిషి సభలో ఎంతసేపు కూర్చున్నాడో అది చెప్పదు.

వెతికేవారికి ఊరి పేరు అంతగా పనికిరాదు. నస్పూర్ 2018లో పురపాలక సంఘమై, 2025 జనవరిలో మంచిర్యాల నగరపాలక సంస్థలో కలిసిపోయింది. పాత జవాబుల్లో ఈ ప్రాంతం ఆదిలాబాద్ జిల్లాగానే ఉంటుంది, మంచిర్యాల జిల్లా వచ్చింది 2016 అక్టోబరు 11న. సభ్యుడి పేరు, సమావేశం, మంత్రిత్వ శాఖ పెట్టి వెతకడం మేలు. బొగ్గుబాయి కార్మికుల పింఛన్ సంగతి బొగ్గు శాఖ జవాబుల్లో ఉంటుంది. బాయిలో ప్రమాదాల సంగతి కావాలంటే కార్మిక శాఖ జవాబులు తెరవాలి, గనుల భద్రత డైరెక్టరేట్ ఆ శాఖ కిందే ఉంది.