నీళ్ల చరిత్ర – 4: పప్పు ఉడకని బోరు



కె.గంగవరం వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థిని క్లాసయ్యాక అడిగింది: "సార్, మా పేట బోరు నీళ్లతో పప్పు ఉడకదు. ఊళ్లోవాళ్ల నీళ్లతో ఉడుకుతుంది. రెండూ ఒకే నేల కదా?" నేను తెలుగు చెప్పేవాణ్ణి. జవాబు కోసం భూగర్భశాస్త్రం తిరగేశాను.

మన కాళ్ల కింద ఉన్నది ఒక చీలిక. గోండ్వానా మహాఖండం విడిపోయే క్రమంలో నేల పగిలి కుంగింది. సింగరేణి బొగ్గున్న గోదావరి లోయ అలాంటి కుంగుడే. తర్వాత తీరం వెంట కృష్ణా-గోదావరి బేసిన్ కుంగింది. ఆ గుంటలో కిలోమీటర్ల మందాన మట్టి, ఇసుక పేరుకున్నాయి. సముద్రం ముందుకొచ్చింది, వెనక్కి పోయింది. సుమారు 6 వేల ఏళ్ల కిందట తీరం కొల్లేరు దాకా ఉండేది. సముద్రం పోయినా దాని ఉప్పు బంకమట్టిలో మిగిలింది.

ఉప్పునీరు బరువు. మంచినీరు దానిమీద పొరలా తేలుతుంది. సముద్రమట్టానికి పైన ఒక మీటరు మంచినీరుంటే కింద సుమారు 40 మీటర్ల దాకా ఉంటుందని లెక్క. తోడి తోడి పైన మీటరు తగ్గిస్తే కింది ఉప్పు క్రమంగా అంతకంత పైకి జరుగుతుంది. ఆ పొరను నింపేవి వాన, ఏరు, కాలువల ఊట. 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట కాలువలు పంటకే కాదు, ఈ పొరకూ నీళ్లిచ్చాయి.

ఉప్పునీరు కొత్తగా తోసుకొచ్చేచోట సోడియం బంకమట్టికి అంటుకుని, మట్టిలోని కాల్షియాన్ని నీళ్లలోకి వదిలేస్తుంది. నీరు కఠినమవుతుంది. ఆ కాల్షియమే పప్పును మెత్తబడనివ్వదు. కఠినత్వానికి వేరే కారణాలూ ఉండొచ్చు కాబట్టి పప్పు ఒక్కటే రుజువు కాదు. కానీ అది హెచ్చరిక.

ఇక ఒకే నేల సంగతి. ఏటిగట్ల ఇసుక మెరకల్లో మంచినీటి పొర మందం. పల్లపు బంకనేలలో పల్చన. మెరక మీద ఊరు, పల్లంలో పేట: మన డెల్టాలో ఎన్నిచోట్ల చూడలేదు? ఉప్పును సముద్రం పెట్టింది. పేటను అక్కడ పెట్టింది కులం.

తెలుగులో తాగే నీటికి 'మంచినీళ్లు' అని పేరు. ఆ మంచి కోసం మన అమ్మమ్మలు ఊరిబావి దగ్గర ఎవరైనా పోస్తారని దోసిలి పట్టి నిలబడ్డారు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవ్‌దార్ చెరువు నీళ్లు తాగారు. 1950లో రాజ్యాంగం 15వ అధికరణంతో బావులు, చెరువుల దగ్గర వివక్షను నిషేధించింది. అయినా 1985 జులైలో కారంచేడు మారణకాండకు ముందు గొడవ మొదలైంది మాదిగల మంచినీళ్ల చెరువు దగ్గరే. 2022లో ఈ జిల్లాకు ఆయన పేరు వద్దని అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు.

ఇప్పుడు బావి గట్టు మీద కాపలా అక్కర్లేదు. మంచి ఊటున్న భూమి పట్టా ఎవరిదో బోరూ వాళ్లదే. 15వ అధికరణం ఉమ్మడి బావి తలుపు తెరిచింది. సొంత పొలంలోని బోరు దాకా పోలేదు.

విద్యార్థులారా, మీ పేట బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్ష చేయించండి. క్లోరైడ్ లీటరుకు 250 మిల్లీగ్రాములు, కఠినత్వం 200, కరిగిన లవణాలు 500 దాటాయేమో చూడండి. ఊళ్లో నీళ్లకూ అదే పరీక్ష చేయించండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి గ్రామసభలో చదవండి. మన చరిత్రకు అవీ ఆధారాలే.

మిగతాది వచ్చే భాగంలో.