హెయిర్ స్ట్రెయిట్‌నర్: పలకలకన్నా వేడి ముఖ్యం

హెయిర్ స్ట్రెయిట్‌నర్ కొనబోతే అట్టపెట్టె మీద సెరామిక్, టూర్మలిన్, టైటానియం అన్న పేర్లు పెద్ద అక్షరాలలో కనిపిస్తాయి. పలకలు ఎంత వేడెక్కుతాయన్నది వెతికితే గాని కనిపించదు. ఈ పరికరం చరిత్ర తెలిస్తే మీరు ముందుగా ఆ సంఖ్యనే వెతుకుతారు.

1872 ప్రాంతంలో పారిస్‌లో మార్సెల్ గ్రాటో అనే కేశాలంకరణ నిపుణుడు మంట మీద కాల్చిన పటకారుతో జుట్టుకు అలలు తీర్చే పద్ధతిని ప్రవేశపెట్టాడు. అప్పట్లో వేడిని కొలిచే సాధనం లేదు. పటకారును కాగితం మీద నొక్కి చూసేవారు. కాగితం కమిలితే అది చల్లారేదాకా ఆగేవారు. జుట్టును రెండు చదునైన పలకల మధ్య నొక్కి సాపుచేసే పరికరానికి 1909లో అమెరికాలో ఐజాక్ షీరో పేటెంటు పొందాడు.

ఆ కాలంలోనే అమెరికా నల్లజాతి స్త్రీలలో పొయ్యి మీద కాల్చి వాడే లోహపు దువ్వెన వ్యాపించింది. దాని ప్రచారానికి మేడమ్ సి. జె. వాకర్ (1867–1919) ఎంతో దోహదం చేసింది. 1968లో లోప్రెస్టి, పాపా, క్లిగ్మన్ అనే వైద్యులు ఆ దువ్వెన వాడే స్త్రీలలో నడినెత్తిన మచ్చకట్టి జుట్టు శాశ్వతంగా రాలిపోవడాన్ని వర్ణించారు. వేడికి కరిగిన నూనె కుదుళ్ళలోకి దిగడమే కారణమని వారు భావించారు. దువ్వెన వాడకానికీ వ్యాధికీ సరిగా పొంతన కుదరకపోవడంతో తరువాతి వైద్యులు ఆ వ్యాధి పేరునే మార్చారు.

అంతమాత్రాన వేడి నిరపాయకరమని అనుకోకండి. వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీనుతో ఏర్పడింది. వేడికి అందులోని హైడ్రోజన్ బంధాలు విడివడి, చల్లారాక కొత్త ఆకృతిలో కుదురుకుంటాయి; తడి తగలగానే పాత రూపం వస్తుంది. తడి జుట్టును పలకల మధ్య నొక్కితే లోపలి నీరు ఆవిరై బుడగలు ఏర్పడతాయి. వెంట్రుక పెళుసై తెగిపోతుంది.

ఇక పలకల సంగతి. చాలా పలకలు లోహం మీద సెరామిక్ పూత పూసినవి. పూత ఊడితే జుట్టు చిక్కుకొని తెగుతుంది. టూర్మలిన్ అన్నది ఆ పూతలో కలిపే ఖనిజపు పొడి. టైటానియం తేలికైనది, తుప్పు పట్టదు. పలక ఏదైనా 200 డిగ్రీలు 200 డిగ్రీలే.

కాబట్టి ఉష్ణోగ్రతను మార్చుకొనే వీలున్న పరికరాన్నే ఎంచుకోండి. జుట్టు పూర్తిగా ఆరాక, తక్కువ వేడితో మొదలుపెట్టండి; 180 డిగ్రీలు దాటనీయకండి. ఒకే పాయ మీద పదేపదే లాగకండి. నడినెత్తిన జుట్టు పలచబడుతుంటే పలకలు మార్చి చూస్తూ కాలయాపన చేయక చర్మవైద్యుని సంప్రదించండి. మచ్చకట్టిన కుదురులో జుట్టు మళ్ళీ మొలవదు.