ఆపరేషన్స్ రీసెర్చ్: లెక్కకు ముందు సమస్యను రాయడం నేర్పాలి

పరిమిత వనరులతో అత్యుత్తమ ఫలితం పొందే మార్గాన్ని గణిత నమూనాల సాయంతో అన్వేషించే శాస్త్రం ఆపరేషన్స్ రీసెర్చ్. సంక్షిప్తంగా ఓఆర్. ఎంబీఏ పాఠ్యప్రణాళికల్లో దీనికి చిరకాలంగా స్థానముంది. అయితే పరీక్షలో పట్టికలన్నీ తప్పులేకుండా పూరించిన విద్యార్థి సైతం, ఉద్యోగంలో అసలు సమస్యను గుర్తించలేక తడబడే ప్రమాదముంది. అందువల్ల బోధన ఎక్కడ మొదలవ్వాలన్నది కీలకం.

యుద్ధరంగం నుంచి తరగతి గదికి

1930ల చివర్లో బ్రిటన్‌లో రాడార్‌ను సమర్థంగా వినియోగించే ప్రయత్నాల్లో ఈ శాస్త్రం పురుడు పోసుకుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో భౌతిక శాస్త్రవేత్త ప్యాట్రిక్ బ్లాకెట్ నేతృత్వంలోని నిపుణులు, వాణిజ్య నౌకలను పెద్ద సమూహాలుగా పంపితే నష్టాల శాతం తగ్గుతుందని గణాంకాలతో నిరూపించారు. 1947లో జార్జ్ డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతిని రూపొందించారు. భారత్‌లో 1949లో హైదరాబాద్‌లోని ప్రాంతీయ పరిశోధనశాలలో ఓఆర్ విభాగం ఏర్పాటైంది. 1957లో భారత ఆపరేషనల్ రీసెర్చ్ సొసైటీ ఆవిర్భవించింది.

ఒక పచ్చళ్ల లెక్క

తొలి పాఠానికి చిన్న ఉదాహరణ చాలు. ఓ పచ్చళ్ల కేంద్రంలో 60 కిలోల నూనె, 80 గంటల శ్రమ అందుబాటులో ఉన్నాయనుకుందాం. ఒక బ్యాచ్ మామిడి పచ్చడికి 3 కిలోల నూనె, 2 గంటలు కావాలి, లాభం రూ.500. గోంగూరకు 2 కిలోల నూనె, 4 గంటలు కావాలి; లాభం రూ.600.

గోంగూరలో లాభం ఎక్కువ కనుక అదొక్కటే చేద్దామని చాలామందికి తోస్తుంది. అలా చేస్తే 20 బ్యాచ్‌లకే గంటలు అయిపోతాయి, 20 కిలోల నూనె మిగిలిపోతుంది. లాభం రూ.12,000. మామిడి 10, గోంగూర 15 బ్యాచ్‌లు చేస్తే నూనె, గంటలు రెండూ పూర్తిగా వినియోగమై లాభం రూ.14,000 అవుతుంది. దీన్ని గ్రాఫ్ కాగితంపై రెండు సరళరేఖలతోనే చూపవచ్చు.

అసలు ప్రశ్న ఆ తర్వాతే మొదలవుతుంది. మరో గంట శ్రమ దొరికితే లాభం ఎంత పెరుగుతుంది? ఈ లెక్కలో రూ.100. దీన్నే షాడో ప్రైస్ అంటారు. ఆ గంటకు అదనంగా చెల్లించాల్సింది అంతకు మించితే ఓవర్‌టైమ్ గిట్టుబాటు కాదు. మేనేజర్‌కు కావలసింది ఈ సమాధానమే. అయితే గంటలు ఎంత పెరిగినా ఈ విలువ మారదనుకోకూడదు. శ్రమ 120 గంటలు దాటితే నూనె ఒక్కటే అడ్డంకిగా మిగులుతుంది.

బోధనా క్రమం

ముందుగా ఏం నిర్ణయించాలి, ఏది సాధించాలి, అడ్డంకులేమిటి అనే మూడింటినీ విద్యార్థులు మామూలు మాటల్లో రాయాలి. తర్వాత వాటిని సమీకరణాలుగా మార్చాలి. గ్రాఫ్‌తో అర్థమయ్యాక, ఎక్సెల్‌లోని సాల్వర్‌తో పెద్ద సమస్యలు సాధించవచ్చు. సింప్లెక్స్ పట్టికలు ఆ తర్వాత వస్తే, ఆ అంకెల వెనుక జరిగేదేమిటో తెలుస్తుంది.

నమూనా పరిమితులనూ చెప్పాలి. తయారుచేసిన పచ్చడంతా అమ్ముడవుతుందని, లాభం మారదని పై లెక్క ముందే అనుకుంది. గిరాకీ తగ్గితే సమాధానం మారుతుంది. గణన కంప్యూటర్ చేస్తుంది. ఏ ఊహలపై ఆ గణన నిలబడిందో ప్రశ్నించవలసింది మాత్రం మేనేజరే.