మూల ఎవరు కలిపారు?

గోడ పైకప్పును తాకే చోట గది చుట్టూ నడిచే వంపుల చెక్క పట్టీని ఇక్కడ అమెరికాలో క్రౌన్ మోల్డింగ్ అంటారు. హైదరాబాదు ఫ్లాట్లలో అదే ముచ్చట పీఓపీతో తీర్చుకుని కార్నిస్ అంటున్నారు. నేనుండే వర్జీనియాలో పాత ఇల్లు కొన్నవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ పట్టీతో పని పడుతుంది. నాకూ పడింది. అయితే పట్టీ కొయ్యడం నేర్చుకుంటూ నేను వెళ్ళి చేరింది మాత్రం రెండువందల ఏళ్ళ కిందటి ఒక వడ్రంగి దగ్గరికి.

ముందు లెక్క సంగతి. ఫోటో ఫ్రేముకి మూల కలపాలంటే రెండు ముక్కల్నీ 45 డిగ్రీలకి కోస్తే చాలు. క్రౌన్ మోల్డింగ్‌కి చాలదు. ఎందుకంటే అది గోడకి అతుక్కుని ఉండదు, కప్పుకీ అతుక్కుని ఉండదు. గోడకి చేరేసిన నిచ్చెనలా రెండిటి మధ్యా ఏటవాలుగా నిలబడుతుంది, వెనకంతా ఖాళీ. ఇప్పుడు దుకాణాల్లో దొరికే పట్టీల్లో ఎక్కువ భాగం గోడతో 38 డిగ్రీలు, కప్పుతో 52 డిగ్రీలు చేస్తాయి. అలాంటి పట్టీని బల్ల మీద వెల్లకిలా పరిచి, 90 డిగ్రీల మూలకి కొయ్యాలంటే రంపాన్ని పక్కకి 31.6 డిగ్రీలు తిప్పాలి, అదే సమయంలో 33.9 డిగ్రీలు వాల్చాలి. రెండు కోణాలు ఒకే కోతలో. ఈ అంకెల కోసం ఇప్పుడు పట్టికలున్నాయి, ఫోన్లో ఆప్‌లున్నాయి.

పాత వడ్రంగులకి ఈ అంకెలతో పని లేదు. పట్టీని కోతపెట్టెలో తలకిందులుగా పెట్టేవాళ్ళు. పెట్టె అడుగు కప్పు అనుకోవాలి, పెట్టె గోడ నిజం గోడ అనుకోవాలి. పట్టీ గది పైన ఎలా వాలి ఉంటుందో పెట్టెలోనూ అలాగే వాలి ఉంటుంది కనక, మామూలు 45 డిగ్రీల గాడిలో రంపం లాగితే రెండో కోణం దానంతటదే వచ్చేస్తుంది. సైన్లూ టాంజెంట్లూ చేసే పనిని ఒక చెక్కపెట్టె చేసేస్తుంది. నాకు ఈ ఉపాయం మీద ఉన్నంత గౌరవం త్రికోణమితి మీద లేదు!

ఇంకో సంగతి. ఏ ఇంట్లోనూ మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉండదు. 89 ఉంటుంది, 92 ఉంటుంది. పైగా చెక్క శీతాకాలంలో ముడుచుకుంటుంది, వేసవి తేమకి ఉబ్బుతుంది. సరిగ్గా కోసిన మూల కూడా రెండేళ్ళలో నోరు తెరుస్తుంది. అందుకని లోపలి మూలల్లో మంచి పనివాళ్ళు రెండు ముక్కల్నీ ఏటవాలుగా కొయ్యరు. మొదటి ముక్కని తిన్నగా గోడ దాకా పోనిస్తారు. రెండో ముక్క చివరని, మొదటి ముక్క వంపులకి అచ్చు గుద్దినట్టు సరిపోయేలా, సన్నటి రంపంతో వంపు వెంటే చెక్కేస్తారు. ఒకటి ఇంకోదాన్ని కౌగిలించుకున్నట్టు కూర్చుంటుంది. మూల 88 డిగ్రీలైనా, చెక్క ముడుచుకున్నా సందు బయటికి కనపడదు. దీనికి కోణమానిని అక్కర్లేదు. కన్ను కావాలి, చెయ్యి కావాలి, ఆ రెండూ నేర్పినవాళ్ళు కావాలి.

ఈ పట్టీ పుట్టుక గురించి రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ చెప్పిన మాట ఒకటుంది. రాతి గుళ్ళ చూరు కింద పళ్ళలా వరసగా కనపడే దిమ్మెలు ఒకప్పటి కొయ్య వాసాల కొసలట. చెక్కతో కట్టినప్పటి రూపాన్ని రాతిలో కూడా వదల్లేకపోయారన్నమాట. మన ద్రావిడ ఆలయాల్లో గోడ పైన ముందుకి ఒరిగి ఉండే కపోతాన్ని చూసినా పూరింటి చూరే గుర్తొస్తుంది. ఐరోపాలో మాత్రం కథ ఇంకో మలుపు తిరిగింది. చెక్క నుంచి రాయికి వెళ్ళిన రూపం మళ్ళీ చెక్కలోకి, అదీ వాన కురవని గది లోపలికి వచ్చింది. దాన్ని లోపలికి తెచ్చినవాళ్ళలో 1570లో పుస్తకం వేసిన పల్లాడియో పేరు గట్టిది. ఆ పుస్తకాన్ని నెత్తిన పెట్టుకున్న అమెరికన్లలో థామస్ జెఫర్సన్ పేరు ఇంకా గట్టిది.

షార్లట్స్‌విల్ దగ్గర కొండ మీద ఆయన కట్టించుకున్న మాంటిచెల్లోలో ఒక్కో గదికి ఒక్కో రోమన్ గుడి నమూనా. ప్రవేశ మందిరానికి అంటోనినస్, ఫౌస్టీనాల ఆలయం, పార్లర్‌కి జూపిటర్ ఆలయం. టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళినవాళ్ళంతా తలెత్తి చూసి, జెఫర్సన్ అభిరుచి అంటారు. నిజమే, అభిరుచి ఆయనదే. కానీ పార్లర్ ఒక కొస సగం అష్టభుజిలా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడ మూల 90 కాదు, 135. పుస్తకంలో బొమ్మ దొరుకుతుంది గానీ ఆ మూల దొరకదు.

ఆ చెక్కపని చేసినవాళ్ళలో ఇద్దరి పేర్లు ముఖ్యం. ఒకరు జేమ్స్ డిన్స్‌మోర్, 1798లో జీతానికి కుదిరిన ఐరిష్ వడ్రంగి. రెండోవారు ఆయన కింద పని నేర్చుకున్న జాన్ హెమ్మింగ్స్. 1776లో పుట్టారు, అంటే మనుషులంతా సమానంగా పుట్టారని జెఫర్సన్ రాసిన సంవత్సరంలో. జెఫర్సన్‌కి బానిసగా పుట్టారు. తల్లి ఎలిజబెత్ హెమింగ్స్, తండ్రి అక్కడే పనిచేసిన జోసెఫ్ నీల్సన్ అనే తెల్ల వడ్రంగి. తన పేరుని తను రెండు మకారాలతో రాసుకునేవారు. ఇంగ్లీషులో అయితే అందరికీ ఒకటే సర్వనామం సరిపోతుంది. తెలుగులో రాసేటప్పుడు 'ఆయన' ఎవరు, 'అతను' ఎవరు అని తేల్చుకోక తప్పదు. నేను ఇద్దర్నీ ఆయన అనే అంటాను.

1809లో డిన్స్‌మోర్ వెళ్ళిపోతూ దుకాణంలో ఉన్న పనిముట్ల జాబితా రాసిచ్చారు. అప్పట్నించి ఆ దుకాణం హెమ్మింగ్స్‌ది. అప్పట్లో పట్టీలు దుకాణంలో కొనే సరుకు కాదు. అడుగున వంపు చెక్కిన చిత్రిక, అదే వంపున్న బ్లేడు, దాంతో బల్లని వందలసార్లు తోస్తే ఒక పట్టీ. వెడల్పాటి కార్నిస్ చిత్రికని ఒక్కడు తొయ్యలేడు, ముందు తాడు కట్టి ఇంకొకరు లాగాలి. ఆ తాడు సాధారణంగా శిష్యుడి పని. హెమ్మింగ్స్ దగ్గర పని నేర్చుకున్న కుర్రాళ్ళు ఎవరంటే ఆయన అక్క శాలీ హెమింగ్స్ కొడుకులు బెవర్లీ, మాడిసన్, ఎస్టన్. వాళ్ళ తండ్రి జెఫర్సన్ అని మాడిసన్ 1873లో ఒహాయోలో ఒక పత్రికకి చెప్పారు. 1998 నాటి డీఎన్‌ఏ పరీక్ష ఎస్టన్ సంతతిని జెఫర్సన్ల వంశంతో కలిపింది. మాంటిచెల్లో నడిపే సంస్థే ఆ మాటని ఒప్పుకుంది. ఆ ఇంటి చెక్కపని గురించి చదివినప్పుడల్లా నాకు ఆ తాడు గుర్తొస్తుంది. తండ్రి ఇంటి చూరు కోసం, తండ్రి అని పిలవలేని పిల్లలు లాగిన తాడు అని ఊహించుకుంటాను. కాగితం మీద ఆధారం ఉన్నది వాళ్ళు నేర్చుకున్నారన్నంత వరకే. తాడు నా ఊహ.

లించ్‌బర్గ్ దగ్గర పోప్లర్ ఫారెస్ట్‌లో జెఫర్సన్ ఇంకో ఇల్లు కట్టుకున్నారు. 1806లో మొదలైంది. ఇల్లు మొత్తం అష్టభుజి. మధ్యలో 20 అడుగుల ఘనంలాంటి భోజనాల గది, చుట్టూ సాగదీసిన అష్టభుజి గదులు. ఒక్క గదిలో ఒక్క కొస కాదు, ఎటు చూసినా 135 డిగ్రీలు. ఇప్పటి 38 డిగ్రీల పట్టీ అయితే 14.3, 17.6 అని పట్టిక చెప్పేస్తుంది. ఆ ఇంటి లోపలి చెక్కపనికి జెఫర్సన్ పంపింది హెమ్మింగ్స్‌నీ ఆయన శిష్యుల్నీ. అక్కడినుంచి హెమ్మింగ్స్ యజమానికి ఉత్తరాలు రాసేవారు. బానిస రాసిన ఉత్తరాలు, అందులోనూ పని గురించి రాసినవి, ఈనాటికి మిగలడం అరుదు. యజమాని ఏటా ఇచ్చిన బహుమానం 15 డాలర్లు, తర్వాత 20. జీతం కాదు, ప్రోత్సాహం.

1825లో జెఫర్సన్ మనవరాలు ఎలెన్ పెళ్ళి చేసుకుని బోస్టన్ వెళ్ళింది. హెమ్మింగ్స్ ఆమెకోసం ఒక రాత బల్ల చేశారు. ఓడలో పంపితే దారిలో పోయింది. దానికి బదులుగా జెఫర్సన్ పంపింది స్వాతంత్ర్య ప్రకటన తాను ఏ చిన్న బల్ల మీద రాశారో ఆ బల్లని. అది ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. పోయిన బల్ల ఎలా ఉండేదో చూసినవాళ్ళు ఎవరూ బొమ్మ గీసి పెట్టలేదు.

1826లో జెఫర్సన్ వీలునామా అయిదుగురికి స్వేచ్ఛ ఇచ్చింది. జాన్ హెమ్మింగ్స్‌కి స్వేచ్ఛతో పాటు తన దుకాణంలోని పనిముట్లన్నీ దక్కాయి. ఇరవయ్యొకటో ఏడు నిండేదాకా మాడిసన్, ఎస్టన్‌ల సేవ కూడా ఆయనకే, ఆ తర్వాత వాళ్ళకీ స్వేచ్ఛ. 1827 జనవరిలో మాంటిచెల్లోలో మిగతావాళ్ళని వేలం వేశారు. 1830లో భార్య ప్రిసిలా చనిపోతే ఆమె సమాధి రాయిని హెమ్మింగ్స్ స్వయంగా చెక్కారు. 1833లో ఆయన పోయారు. మాడిసన్ ఒహాయో వెళ్ళి వడ్రంగిగానే బతికారు.

పోప్లర్ ఫారెస్ట్ 1845లో కాలిపోయింది. ఇటుక గోడలు, పొగగొట్టాలు, స్తంభాలు మిగిలాయి. లోపలి చెక్క అంతా బూడిదైంది. 1980ల్లో ఒక సంస్థ ఆ ఇంటిని కొని బాగుచేయించడం మొదలుపెట్టింది. గదుల్లో కార్నిస్ ఎలా ఉండేదో తేల్చడానికి వాళ్ళ దగ్గర కాగితాలున్నాయి. వాటిలో హెమ్మింగ్స్ ఉత్తరాలు ఉన్నాయి. కొత్త పట్టీల్ని కొంతమంది వడ్రంగులు పాతకాలపు చిత్రికలతో, చేత్తోనే తీశారు.