ఢిల్లీ చలిలో మోటార్‌సైకిల్ సంరక్షణ: బేర్ సరాయ్ తెలుగు విద్యార్థులకు ఉపయోగపడే వివరాలు

దక్షిణ ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం పాత ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న చిన్న జనావాసం బేర్ సరాయ్. పోటీ పరీక్షల పుస్తకాల దుకాణాలకు, ఇరుకు సందుల్లోని అద్దె గదులకు ఈ ప్రాంతం ప్రసిద్ధి. ఉన్నత విద్య కోసం, సివిల్ సర్వీసుల పరీక్షల కోసం రాజధానికి వచ్చే తెలుగు విద్యార్థులు కొందరు ఇక్కడ, చుట్టుపక్కల కట్‌వారియా సరాయ్, జియా సరాయ్, మునిర్కా ప్రాంతాల్లో నివసిస్తారు. సొంత ఊరి నుంచి రైలు పార్సిల్‌లో మోటార్‌సైకిల్ తెప్పించుకొనే వారూ ఉన్నారు. అయితే గుంటూరులోనో వరంగల్‌లోనో ఏడాది పొడవునా ఇబ్బంది పెట్టని బండి, ఢిల్లీ జనవరిలో పరీక్ష రోజు ఉదయమే కదలనని మొరాయించవచ్చు. అందుకు కారణాలేమిటో, ముందుజాగ్రత్తలేమిటో తెలుసుకుందాం.

చలి ఎంత?

హైదరాబాద్‌లో జనవరి నెల సగటు కనిష్ఠ ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెల్సియస్ పరిసరాల్లో ఉంటుంది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ వాతావరణ కేంద్రంలో అది 7 నుంచి 8 డిగ్రీలు. అతిశీతల గాలులు వీచే రోజుల్లో ఇంకా పడిపోతుంది. 2021 జనవరి 1న అక్కడ 1.1 డిగ్రీలు నమోదైంది. 1935 జనవరి 16న మైనస్ 0.6 డిగ్రీలకు దిగింది.

గాలి ఉష్ణోగ్రత సున్నాకు చేరకపోయినా ఆరుబయట నిలిపిన బండిపై తెల్లని మంచు పొర కనిపించవచ్చు. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి పెట్రోలు ట్యాంకు, సీటు తమ వేడిని వేగంగా కోల్పోయి, చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువగా చల్లబడడమే అందుకు కారణం. మొత్తం మీద ఢిల్లీలో బండిని నేరుగా గడ్డకట్టించే చలి అరుదు. బండిని దెబ్బతీసేవి ముఖ్యంగా మూడు: బలహీనపడిన బ్యాటరీ, రాత్రంతా పేరుకొనే తేమ, రోజుల తరబడి కదలకుండా నిలిపి ఉంచడం.

ఉదయం స్టార్ట్ కాకపోతే

పెట్రోలు ఈ చలికి గడ్డకట్టదు కాని, సులభంగా ఆవిరి కాదు. ఆవిరి తగినంత లేనిదే ఇంజిన్ అందుకోదు. కార్బురేటర్ ఉన్న పాత బండ్లలో చోక్ లాగి స్టార్ట్ చేసి, ఇంజిన్ నిలకడగా తిరగగానే చోక్ మూసివేయాలి. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో తాళం తిప్పిన వెంటనే సెల్ఫ్ నొక్కకూడదు. పెట్రోలు పంపు చేసే సన్నని శబ్దం ఆగేవరకు రెండు మూడు సెకన్లు వేచి ఉండాలి.

సెల్ఫ్ బటన్‌ను ఒకసారికి 5 సెకన్లకు మించి నొక్కరాదు. ప్రతి ప్రయత్నానికీ మధ్య కనీసం 15 సెకన్ల విరామం ఇస్తే బ్యాటరీ కొంత కోలుకుంటుంది. కిక్ ఉంటే అది వాడడమే మేలు. ఇంజెక్షన్ బండికి బ్యాటరీ పూర్తిగా అయిపోతే, తోసి స్టార్ట్ చేయడం సాధారణంగా ఫలించదు. పెట్రోలు పంపుకు, ఇంజెక్టర్‌కు కూడా విద్యుత్తు కావాలి.

స్టార్ట్ అయ్యాక అర నిమిషం నుంచి ఒక నిమిషం ఆగి, మొదటి ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే చాలు. మూసిన సెల్లార్‌లో, మెట్ల కింద ఇంజిన్‌ను నడుపుతూ వదిలివేయడం ప్రాణాంతకం. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు.

బ్యాటరీ

లెడ్ యాసిడ్ బ్యాటరీలోని రసాయన చర్య చలిలో మందగిస్తుంది. 25 డిగ్రీల వద్ద ఇచ్చే సామర్థ్యంలో ఐదో వంతుకు పైగా సున్నా డిగ్రీల వద్ద తగ్గిపోతుంది. అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి, ఇంజిన్‌ను తిప్పడానికి ఎక్కువ శక్తి అవసరమవుతుంది. నవంబరులో బాగానే కనిపించిన మూడేళ్ల బ్యాటరీ జనవరిలో ఒక్కసారిగా చేతులెత్తేయడానికి ఇదే కారణం.

బండి ఆపిన కొన్ని గంటల తర్వాత మల్టీమీటర్‌తో చూస్తే 12.6 వోల్టులు లేదా అంతకు మించి ఉండాలి. 12.4 కన్నా తగ్గితే చార్జింగ్ చేయించాలి. టెర్మినళ్లపై తెల్లని లేదా పచ్చని పూత కనిపిస్తే శుభ్రపరచి, బిగించి, పైన కొద్దిగా పెట్రోలియం జెల్లీ రాయాలి.

తక్కువ దూరాల ప్రయాణం బ్యాటరీకి చేటు. గది నుంచి గ్రంథాలయానికి కిలోమీటరు నడిపితే, స్టార్ట్ చేసేటప్పుడు ఖర్చయిన విద్యుత్తు తిరిగి చేరదు. 2017 ఏప్రిల్ నుంచి దేశంలో కొత్తగా తయారైన ద్విచక్ర వాహనాల్లో ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ హెడ్‌లైట్ వెలుగుతూనే ఉంటుంది. కాబట్టి వారానికి ఒకసారైనా అరగంటపాటు ఆగకుండా నడపడం మంచిది.

ఇంజిన్ ఆయిల్, లోపలి తేమ

ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుంది. ఇంజిన్ బాగా వేడెక్కితే అది బయటకు పోతుంది. వేడెక్కకముందే ఆపివేస్తే కొంత తేమ సైలెన్సర్‌లో, ఆయిల్‌లో మిగిలిపోతుంది. ఆయిల్ మూత లోపల మజ్జిగ వంటి తెల్లని నురగ కనిపించడం దీనికి గుర్తు. నాలుగు రోజులు దూరప్రయాణం చేసినా ఆ నురగ పోకపోతే మెకానిక్‌కు చూపించాలి.

ఆయిల్ డబ్బాపై 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-40 అని ఉండే అంకెల్లో ‘డబ్ల్యూ’ చలికాలాన్ని సూచిస్తుంది. దాని ముందున్న అంక తక్కువైతే చలిలో ఆయిల్ పలుచగా ఉండి త్వరగా పారుతుంది. అయితే మాన్యువల్‌లో కంపెనీ అనుమతించిన రకాల్లోనే ఎంచుకోవాలి. కారు ఆయిల్ పోయడం వల్ల చాలా మోటార్‌సైకిళ్లలో క్లచ్ జారే ప్రమాదం ఉంది.

టైర్లు, బ్రేకులు, చైన్

అక్టోబరు మధ్యాహ్నం 33 డిగ్రీల ఎండలో టైరులో 30 పీఎస్‌ఐ గాలి నింపారనుకుందాం. జనవరి తెల్లవారుజామున 5 డిగ్రీల వద్ద, ఎక్కడా లీకు లేకపోయినా, అది సుమారు 26కు పడిపోతుంది. అందుచేత పదిహేను రోజులకోసారి, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించుకోవాలి.

రాత్రి మంచుకు తడిసిన బ్రేకు డిస్క్ మొదటిసారి సరిగా పట్టదు. సందు దాటి పెద్ద రోడ్డెక్కకముందే రెండుసార్లు మెల్లగా బ్రేకు నొక్కి ఆరనివ్వాలి. చైన్‌కు సాయంత్రం బండి ఆపగానే, అది వెచ్చగా ఉన్నప్పుడు, గుడ్డతో తుడిచి 90 నంబర్ గేర్ ఆయిల్ లేదా చైన్ స్ప్రే పట్టించాలి. ఆయిల్ చుక్క టైరుపై గాని డిస్క్‌పై గాని పడనీయరాదు.

సందులో నిలిపే బండికి

ఇక్కడి అద్దె గదుల్లో చాలామందికి గ్యారేజీ ఉండదు. గోడవారగా, చజ్జా కింద నిలిపితే మంచు తక్కువ పడుతుంది. గాలి ఆడని ప్లాస్టిక్ పట్టా కప్పితే తేమ లోపలే చిక్కుకొని తుప్పు పెరుగుతుంది. గుడ్డతో కుట్టిన కవర్ మేలు. ఢిల్లీ మంచులో ధూళి, పొగ కలిసి ఉంటాయి కనుక ఉదయం తడిని పొడిగుడ్డతో తుడవడం అవసరం. తాళం బిగుసుకుందనో ఇంజిన్ కదలడం లేదనో మరిగే నీళ్లు పోయడం, ట్యాంకు కింద మంట పెట్టడం చేయకూడదు. చలి కాచుకొనే అంగీఠీని బండికి దూరంగా ఉంచాలి.

సంక్రాంతికి ఊరు వెళ్లేటప్పుడు

తెలుగు విద్యార్థులు పండుగకు ఊరు చేరే రోజులే ఢిల్లీలో చలి తీవ్రంగా ఉండే రోజులు. రెండు మూడు వారాలు బండి కదలదు. బయలుదేరే ముందు ట్యాంకు నింపితే లోపల గాలికి చోటు తగ్గి, తేమ చేరడం తగ్గుతుంది. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు తేమను పీల్చుకుంటుంది కాబట్టి ఈ జాగ్రత్త మరింత అవసరం. బండిని మెయిన్ స్టాండుపై నిలిపి, టైర్లలో సరిపడా గాలి ఉంచాలి. తాళం ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీగను విడదీయాలి. తిరిగి వచ్చాక మొదటి రోజు టైర్లు, బ్రేకులు, వైర్లు పరిశీలించకుండా బయలుదేరరాదు. ఎలుకలు వైర్లు కొరకడం సాధారణం.

పొగమంచులో

భారత వాతావరణ విభాగం లెక్క ప్రకారం దృశ్యమానత 200 మీటర్ల లోపు ఉంటే దట్టమైన పొగమంచు, 50 మీటర్ల లోపు ఉంటే అతి దట్టమైనది. అటువంటి వేళ హై బీమ్ వేస్తే కాంతి మంచుపై పడి తిరిగి కళ్లలోనే కొడుతుంది, లో బీమ్ వాడాలి. వెనుక లైటును తుడిచి, బండి వెనుక, హెల్మెట్ వెనుక మెరిసే టేపు అంటించాలి. రోడ్డు మీద బండి ఆపరాదు, పూర్తిగా పక్కకు తీసుకోవాలి. మొద్దుబారిన వేళ్లతో బ్రేకు ఆలస్యంగా పడుతుంది కనుక మంచి గ్లోవ్స్ భద్రతా సాధనమే. పొగమంచు అతి దట్టంగా ఉంటే ఆ ఉదయం మెట్రో ఎక్కడమే వివేకం.

కొండలకు వెళ్లేవారికి

సెలవుల్లో మనాలి వైపు వెళ్లేవారికి మాత్రం గడ్డకట్టే చలి నిజంగానే ఎదురవుతుంది. లిక్విడ్ కూలింగ్ ఉన్న బండి రేడియేటర్‌లో మామూలు నీళ్లు ఉంటే అవి గడ్డకట్టి, సుమారు 9 శాతం వ్యాకోచించి, ఇంజిన్‌ను పగలగొట్టగలవు. ఇథిలీన్ గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో కలిపిన కూలెంట్ మైనస్ 35 డిగ్రీల వరకు రక్షణ ఇస్తుంది. గాలితో చల్లబడే ఇంజిన్లకు ఈ చింత లేదు. నీడ పడిన మలుపుల్లో కంటికి కనిపించని మంచు పలక ఉంటుంది. అక్కడ ముందు బ్రేకు గట్టిగా పట్టరాదు.

బ్యాటరీ, టైర్లు, చైన్‌లకు సంబంధించిన ఈ జాగ్రత్తలే లంబసింగి, అరకు, ఆదిలాబాద్ వంటి తెలుగు ప్రాంతాల చలికీ వర్తిస్తాయి.

వారానికోసారి చూడవలసినవి

• బ్యాటరీ వోల్టేజీ, టెర్మినళ్ల బిగుతు
• ఇంజిన్ ఆయిల్ మట్టం
• చైన్ బిగువు, దానిపై ఆయిల్
• ముందు, వెనుక లైట్ల శుభ్రత
• పదిహేను రోజులకోసారి టైర్ల గాలి